ఎనిమిది రోజుల పాత బోర్డు

"ఇంకొంచెం పాతబడాలి బావా. ఇప్పుడు చూస్తే పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది" అన్నాడు ప్లీడరు, గేటు బయట నిలబడి తల పక్కకు వాల్చి.

పెయింటరు స్టూలెక్కి, గేటు స్తంభానికి కొట్టిన రేకు బోర్డును గరుక్కాగితంతో రుద్దుతున్నాడు. పసుప్పచ్చ నేల మీద నల్లటి అక్షరాలు: కుక్క ఉంది, జాగ్రత్త. ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాసి బతుకుతున్నాడు. ఎండకీ వానకీ రంగు పోకూడదని తాపత్రయపడటమే గాని, ఉన్న రంగు పోగొట్టడానికి చెయ్యి నొప్పి పుట్టేలా రుద్దడం అతనికి ఇదే మొదటిసారి.

ఆ బోర్డు వయసు ఎనిమిది రోజులు. కుక్క టైలరమ్మ చెయ్యి కరిచి తొమ్మిది రోజులైంది. మధ్యలో ఉన్న ఆ ఒక్క రోజునీ మాయం చెయ్యడానికే పొద్దున ఆరింటి నుంచి ఈ అవస్థంతా.

ప్లీడరు అతని భార్యకి అన్న. కోర్టులో ఆయన మాట ఎవరు వింటారో తెలీదు గాని, ఈ ఇంట్లో మాత్రం ఆయన జడ్జితో సమానం.

"పదకొండింటికి మునిసిపల్ ఇన్‌స్పెక్టరు వస్తాడు. రెండే రెండు ప్రశ్నలు వేస్తాడు. మొదటిది, బోర్డు ఎప్పట్నుంచి ఉంది?"

"రెండేళ్ళ నుంచి."

"ఆ నీళ్ళు నమలడం మానెయ్ బావా. రెండేళ్ళు అని చెప్పడానికి రెండేళ్ళు పట్టకూడదు. రెండోది, ఆవిణ్ణి లోపలికి రమ్మని ఎవరైనా పిలిచారా?"

పెయింటరు గరుక్కాగితం మడత మార్చాడు. "లేదు."

"అదీ. పెంపుడు కుక్క కరిస్తే బాధ్యత పెంచినవాడిది, అందులో అనుమానం లేదు. కాని బోర్డు పెట్టి హెచ్చరించినా, ఎవరూ పిలవకపోయినా, తనంతట తానే గేటు తీసుకుని వచ్చిందనుకో, తప్పు ఆవిడ వైపుకి ఒరుగుతుంది. రిపోర్టులో ఆ మాట పడితే పోలీసు కేసు ఉండదు. పడకపోతే నిర్లక్ష్యం కింద నీ మీద కేసు. కేసున్నవాడికి మునిసిపాలిటీ వీధి పలకల కాంట్రాక్టు ఇవ్వదు. సోమవారం సంతకం పెడతానని కలలు కనక్కర్లేదు."

ఈ మాటలు ఎనిమిది రోజుల్లో ఎనభై సార్లు విన్నాడు పెయింటరు. బోర్డు మీద ఏం రాయాలో కూడా ప్లీడరే చెప్పాడు. 'కుక్క కరుస్తుంది' అని రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కరుస్తుందని రాస్తే, కరుస్తుందని ముందే తెలుసని ఒప్పుకున్నట్టట. ఉందని రాస్తే చాలట, కుక్క ఉండటం నేరం కాదట. ఒక్క మాటకి ఇన్ని గదులుంటాయని ముప్పై ఏళ్ళు అక్షరాలు రాసినవాడికి అప్పటిదాకా తెలీదు.

"ఇంక చాల్లే. ఆ టీ డికాషన్ ఇలా ఇవ్వు" అని ప్లీడరు తనే గుడ్డ ముంచి మేకుల చుట్టూ అద్దాడు. తుప్పు కారినట్టు గోధుమరంగు చారలు దిగాయి. "చూశావా, ఎంత సహజంగా ఉందో."

సహజంగానే ఉంది. అందుకే పెయింటరు అటు చూడలేకపోయాడు.

వసారాలో కుర్చీ వేసుకుని అతని భార్య ఒక కాగితం చదువుతోంది. ఆమె ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. అచ్చుతప్పు కనపడితే అన్నం ముందున్నా లేచి పెన్ను తెచ్చుకునే మనిషి. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది టైలరమ్మ మునిసిపాలిటీకి ఇచ్చిన ఫిర్యాదు నకలు. మార్జిన్ నిండా ఎర్ర సిరా.

"నాలుగోసారి చదువుతున్నాను. చదివిన కొద్దీ నా ఒళ్ళు మండుతోంది" అంది. "వినండి. 'గేటు దగ్గర నిలబడి రావచ్చా అని అడిగాను. లోపలి నుంచి ఆయన రండక్కా, ఏమీ అనడు అన్నారు. ఆ మాట మీద లోపలికి వచ్చాను.' ఎంత గుండె ఉండాలి ఇలా రాయడానికి?"

ఆ మూడు వాక్యాల్నీ ఆమె ఎర్రగీతతో కొట్టేసింది. పక్కన 'తప్పు' అని రాసి దాని చుట్టూ సున్నా కూడా చుట్టింది. పేజీ మొత్తం మీద పెయింటరుకి బాగా గుర్తున్న వాక్యాలు ఆ మూడే. మాట పొల్లుపోకుండా రాసింది టైలరమ్మ.

"వదినా వదినా అంటూ ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నాను" అంది భార్య.

"ఇప్పుడు ఆవిడ అంటున్నావుగా అమ్మా" అంది కూతురు.

మెట్ల మీద కూర్చుని ఉంది ఆ పిల్ల. పదోక్లాసు. ఒళ్ళో కుక్క గొలుసు. కుక్క పేరు దొర. ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, వీధిలో ఎవరు పోయినా పట్టనట్టు పడుకుంటుందని ఆ పేరు పెట్టారు. మొరిగే కుక్క కరవదంటారు. అసలు మొరగని కుక్క సంగతి ఎవరూ చెప్పలేదు. కరిచిన రోజు సాయంత్రమే మునిసిపాలిటీ వాళ్ళు దాన్ని పది రోజులు గమనిస్తామని బండెక్కించి తీసుకుపోయారు. రేపటితో గడువు.

"నువ్వు నోర్మూసుకుని చదువుకో."

"నేను నిన్న బడి నుంచి అత్త వాళ్ళింటికి వెళ్ళాను."

ప్లీడరు చేతిలోని గుడ్డ నుంచి డికాషన్ బొట్టు బొట్టుగా చెప్పుల మీద పడుతోంది.

"ఎవరు వెళ్ళమన్నారు?" అన్నాడు ప్లీడరు. "ఒక్కళ్ళు కూడా ఆ గుమ్మం తొక్కొద్దని చెప్పానా లేదా? వెళ్ళి పలకరిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు ఆవిడ తరఫు ప్లీడరు అదే అంటాడు. తప్పు లేకపోతే ఎందుకొచ్చారు అని."

"చెయ్యి ఎలా ఉందని అడగడానికి వెళ్ళాను మామయ్యా. అదీ నేరమేనా?"

"నేరం కాదు, సాక్ష్యం."

"ఏం చేస్తోంది?" అని అడిగాడు పెయింటరు. అడగాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

కూతురు తండ్రి వైపు తిరిగింది. "ఎడంచేత్తో కత్తెర పట్టుకుని పాత పేపర్లు కత్తిరిస్తోంది నాన్నా. తెగట్లేదు. కత్తెర కుడిచేతి కోసమే చేస్తారట, ఎడంచేత్తో పడితే గుడ్డ రెండు రేకుల మధ్య నలుగుతుందట గాని తెగదట. బొటనవేలు కింద నరం అతుకుతుందో లేదో ఆర్నెల్లకి గాని చెప్పలేమన్నాడట డాక్టరు. బడి యూనిఫారాలు సగం కత్తిరించినవి అలాగే ఉన్నాయి. వాటి మీద దుప్పటి కప్పింది."

"ఇంకేమంది?"

"నాన్న అన్నం తింటున్నాడా అని అడిగింది."

భార్య కాగితం టక్కున మడిచింది. "అడుగుతుంది, ఎందుకడగదు. పిలిచాడని అబద్ధం రాసి మనిషిని రచ్చకీడ్చి, అన్నం తింటున్నాడా అని ఆరా కూడానా."

పెయింటరు స్టూలు దిగాడు. బ్రష్షులు కడగాలని గొణిగి వెనక షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కడగాల్సిన బ్రష్షు ఒక్కటి కూడా లేదు.

షెడ్డులో బల్లకి ఆనించి, కాంట్రాక్టు కోసం రాసిన నమూనా పలక ఉంది. మునిసిపాలిటీ ఊరంతటికీ వీధి పేర్ల పలకలు చేత్తో రాయించాలనుకుంటోంది. ఫ్లెక్సీలు వచ్చాక ఈ పని చేసేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకడు ఆటో కొనుక్కున్నాడు, ఒకడు గోడలకి సున్నాలేస్తున్నాడు. ఇతనొక్కడే మొండిగా బ్రష్షు పట్టుకుని కూర్చున్నాడు. అలాంటివాడికి ఊళ్ళో ప్రతి సందు మలుపులోనూ తన చేతిరాత ఉంటుందంటే ఎంత సంబరమో చెప్పనక్కర్లేదు. నమూనాలు పంపినవాళ్ళు ఆరుగురు. నెగ్గింది ఈ పలక.

తొమ్మిది రోజుల కింద, మధ్యాహ్నం మూడింటికి, అతను ఈ పలకే రాస్తున్నాడు. భార్య ప్రెస్సులో ఉంది, పిల్ల బడిలో ఉంది. దొర వసారాలో పడుకుని ఉంది. చెవిలో పుండు. పొద్దున మందు రాయబోతే పెంచిన చేతి మీదికే పళ్ళు చూపించింది. కట్టెయ్యాలి అనుకున్నాడు. నమూనా ఇవ్వడానికి సాయంత్రమే గడువు. కట్టెయ్యలేదు.

అక్షరంలో పెద్ద వంపు మొదలుపెట్టాక మధ్యలో బ్రష్షు ఎత్తకూడదు. ఎత్తితే అతుకు తెలుస్తుంది. ఒక్క ఊపిరిలో తిప్పి తేవాలి. సరిగ్గా వంపు సగంలో ఉండగా గేటు దగ్గర గొంతు వినిపించింది.

"తమ్ముడూ, పిల్ల గౌను తెచ్చాను. దొర ఇక్కడే ఉన్నాడే. రావచ్చా?"

మామూలుగా అయితే లేచి వెళ్ళేవాడు. ఎవరొచ్చినా లేచి వెళ్ళి కుక్క మెడపట్టీ పట్టుకునేవాడు. ఆ రోజు తల కూడా తిప్పలేదు. "రండక్కా, ఏమీ అనడు" అన్నాడు. వంపు పూర్తి చేశాడు. ఎప్పటిలాగే తల నిమరబోయి ఉంటుంది ఆవిడ. చెయ్యి చెవికి తగిలి ఉంటుంది. కేక వినిపించేసరికి బ్రష్షు వంపు చివరికి వచ్చింది.

ఆ వంపు ఇప్పటికీ ఉంది పలక మీద. ఎక్కడా వణకలేదు. అందరి నమూనాల్లో ఈ వంపే బాగుందని ఆఫీసరు వేలు పెట్టి చూపించి మెచ్చుకున్నాడట. ఆ మాట చెప్పినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు, అతను కూడా నవ్వాడు. తలచుకుంటే తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

పన్నెండేళ్ళ కింద టైలరమ్మ కొట్టు బోర్డు రాసింది కూడా అతనే. ఆవిడకి పనిలో సూది మొన అంత తేడా కనపడుతుంది. బోర్డు పైకెక్కించే ముందే చివరి అక్షరం తోక కింద ఏదో చూసి, "ఇవేంటి తమ్ముడూ, చీమలు పాకినట్టున్నాయి?" అంది. దగ్గరికెళ్ళి చూస్తే గాని తెలియనంత చిన్న అంకెలు. "రాసిన తేదీ అక్కా. మా మేస్త్రి పెట్టిన అలవాటు. వయసు దాచుకునే బోర్డు రాయొద్దనేవాడు" అన్నాడతను. ఆవిడ నవ్వి, "మంచిదే. ఆడవాళ్ళకి మాత్రం ఈ పద్ధతి చెప్పకు" అంది. ఆ రోజు నుంచి అతనికి అక్క, అతని భార్యకి వదిన, పిల్లకి అత్త అయింది. ఏ చుట్టరికమూ లేకుండానే ఇంటి మనిషైపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది అతనే. రంగు తుడిచే గుడ్డ చేతికి చుట్టి, ఆటోలో దారంతా "ఏం కాదక్కా" అంటూనే ఉన్నాడు. కుట్లు వేయించి ఇంటికొచ్చేసరికి ప్లీడరు వసారాలో కూర్చుని ఉన్నాడు. తర్వాత ఆవిడ మొహం చూడలేదు.

"ఏవండీ" అని లోపల్నుంచి పిలుపు.

భార్య గదిలో అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీపెట్టె కాలరు మీద రెండుసార్లు తిరిగింది.

"తేలు కుట్టిన దొంగలా అలా నిలబడతారేం? లోపలికి రండి."

వచ్చాడు.

"నేనొకటి చెప్తాను, వినండి" అంది, తల ఎత్తకుండా. "ఆ బోర్డు వ్యవహారం నాకూ నచ్చలేదు. లేనిది ఉందని చెప్పడం తప్పే. కాని ఆవిడే ముందు లేనిది రాసింది. పిలవని మనిషి పిలిచాడని రాసింది. అబద్ధానికి అబద్ధం చెల్లు అనుకుని ఊరుకున్నాను."

"ఊఁ."

"ఆ సంగతి అన్నయ్య నన్ను ఒకసారి అడిగాడు. మీ ఆయన నిజంగా పిలవలేదా అని. నేనేమన్నానో తెలుసా? ఆయనకి నా దగ్గర దాపరికం లేదు, పిలిచి ఉంటే ఆ రోజే నాతో చెప్పేవాడు అన్నాను."

గదిలో వేడి గుడ్డ వాసన. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఈ నిమిషం దాటితే ఇంక చెప్పలేను అనుకున్నాడు.

"ఒక మాట" అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి తలెత్తింది. కళ్ళ కింద నల్లటి చారలు. తొమ్మిది రోజులుగా ఆమె కూడా సరిగ్గా నిద్రపోలేదు. అయినా ఆ చూపులో అనుమానం మచ్చుకైనా లేదు. అదే అతన్ని చంపేసింది.

"ఏంటి?"

"ఆ చొక్కా కాదు. నీలంది ఇవ్వు."

ఆమె నీలం చొక్కా కోసం బీరువా తెరిచింది. బల్ల మీద ఫిర్యాదు నకలు విప్పి ఉంది. అతను దానివైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. పెళ్ళైన కొత్తల్లో ప్రూఫు గుర్తులన్నీ ఆమే నేర్పింది అతనికి. కొట్టెయ్యకూడని మాట పొరపాటున కొట్టేస్తే ఏం చేస్తావు, మళ్ళీ రాస్తావా అని అడిగితే, అక్కర్లేదు, దాని కింద చుక్కలు పెడితే చాలు, కొట్టేసింది తప్పు, ఉన్నది ఉన్నట్టుంచమని అర్థం అంది. ఎంత సుఖమైన ఉద్యోగం నీది అని ఏడిపించాడు అప్పుడు.

పదకొండుకి ఐదు నిమిషాలుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మెత్తటి మనిషి. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కుక్క వెంట్రుకలున్నాయి. పిల్ల ముందుకొచ్చి, "మా దొర ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"బాగున్నాడమ్మా. చెవిలో పుండుకి మందు వేశాం, తగ్గింది. మొదట్లో ఎవర్నీ తల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు" అని ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు. "పుండున్న సంగతి మీకు తెలుసా అండీ?"

"కుక్కన్నాక ఏదో ఒకటి ఉంటుంది కదండీ" అని ప్లీడరు అడ్డం పడ్డాడు. "ముందు బోర్డు చూడండి."

"చూద్దాం. ఫిర్యాదు ఇచ్చినావిణ్ణి కూడా రమ్మన్నాను. ఇద్దరి ఎదురుగా అడిగితే నాకు ఒక తిరుగుడు తప్పుతుంది."

ప్లీడరు ఈ సంగతి అనుకోలేదు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

టైలరమ్మ సందు మలుపు తిరిగి మెల్లగా నడిచి వస్తోంది. కుడిచెయ్యి మెడకి వేలాడదీసిన కట్టులో ఉంది. జాకెట్టు చెయ్యి కట్టు మీదికి ఎక్కక, కుట్టు విప్పి పిన్నీసుతో పట్టి ఉంచింది. పన్నెండేళ్ళలో ఆవిడ ఒంటి మీద పిన్నీసు చూడటం పెయింటరుకి అదే మొదలు. గుడ్డకి పిన్నీసు పెట్టుకునేవాళ్ళని చూస్తే 'కుట్టు రెండు నిమిషాల పని, ఇటు తే' అని లాక్కునే మనిషి.

గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గేటు బార్లా తెరిచే ఉంది. కుక్క కూడా లేదు.

"రండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ ఇన్‌స్పెక్టరుని చూడలేదు. పెయింటరుని చూసింది. ఈసారి కూడా నువ్వే రమ్మంటావా అన్నట్టుంది ఆ చూపు. అతను తల దించుకున్నాడు. ఆవిడ గేటు బయటే నిలబడింది.

"ఇదీ బోర్డు" అన్నాడు ప్లీడరు. "రెండేళ్ళు దాటింది. మేకుల దగ్గర చూడండి, తుప్పు కూడా దిగింది."

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "అక్షరాలు బాగున్నాయండీ. మీరేనా రాసింది?"

పెయింటరు తలాడించాడు.

"అమ్మా, మీరు ఈ ఇంటికి తరచుగా వస్తారు కదా. ఈ బోర్డు కుక్క కరిచిన రోజుకి ముందెప్పుడైనా చూశారా?"

టైలరమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఎవరైనా బోర్డు చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి చదువుతారు. ఆవిడ చదవలేదు. ఆవిడ కళ్ళు సూటిగా కిందికి దిగి, కుడివైపు మూల, చివరి అక్షరం ఒత్తు కింద ఆగాయి.

అప్పుడు గుర్తొచ్చింది పెయింటరుకి.

ఆ రోజు బోర్డు రాస్తున్నంతసేపూ కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఏం రాశాడో, ఎలా రాశాడో మనసు చూడలేదు. చెయ్యి మాత్రం చూసుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? అంతా అయ్యాక సన్న బ్రష్షు తీసుకుని, ఒత్తు తోక కింద, చీమలంత అంకెలతో తేదీ వేసింది. కరిచిన మర్నాటి తేదీ. పొద్దుట్నుంచి బోర్డంతా రుద్ది, ఆ మూలనొక్కదాన్నీ రుద్దడం మర్చిపోయాడు. డికాషన్ చార ఒకటి దాని పక్కగా దిగి ఆగింది.

అతని భార్య టైలరమ్మ మొహాన్నే కనిపెట్టి చూస్తోంది. ఆ కళ్ళు ఎక్కడ ఆగాయో ఈమె కళ్ళూ అక్కడికే వెళ్ళాయి. అచ్చులో చుక్క తేడా పట్టుకునే కళ్ళు. మరుక్షణం ఆమె మొహం పాలిపోయింది. ఎండగా ఉంది అన్నట్టు కొంగు తల మీదికి లాక్కుంటూ రెండడుగులు వేసి, స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆమె భుజం వెనక బోర్డు మూల కనపడకుండా పోయింది.

"చూశారా అమ్మా?" అని మళ్ళీ అడిగాడు ఇన్‌స్పెక్టరు.

టైలరమ్మ తలెత్తి బోర్డు మొత్తం చూసింది.

"బాగా రాశాడు" అంది. "ఎప్పుడూ బాగానే రాస్తాడు."

"అది కాదమ్మా. ఆ రోజు ఉందా లేదా?"

"ఆయన్నే అడగండి బాబూ. బోర్డు మీద అబద్ధం రాసే మనిషి కాదు. నోటితో ఏం చెప్తాడో నాకు తెలీదు." ఎడంచేత్తో కుడిచేతి కట్టు సర్దుకుంది. "నన్ను ఆ రోజు రమ్మన్నాడో లేదో, అదీ ఆయన్నే అడగండి. లేదంటే, లేదనే రాసుకోండి. నేను మళ్ళీ ఎక్కడికీ రాను."

"లేదనే అంటున్నాడు మా బావ, మొదట్నుంచీ" అన్నాడు ప్లీడరు.

"ఆయన్ని చెప్పనివ్వండి" అని ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు.

మెట్ల మీద పిల్ల గొలుసుని గుప్పెట్లో బిగించి పట్టుకుంది. స్తంభం దగ్గర్నుంచి భార్య అంది, "చెప్పండి, భయం దేనికి? మీరెప్పుడు పిలిచారు ఆవిణ్ణి?"

ఆ గొంతులో ఉన్న నమ్మకానికి పెయింటరు కళ్ళు మసకబారాయి. ఇరవై ఏళ్ళ కాపురం. మొగుడికి అడ్డం నిలబడి, భుజంతో అతని తేదీ కప్పి, కప్పాల్సింది అదొక్కటే అనుకుంటోంది పిచ్చిది.

"ఆ కాగితంలో నువ్వు మూడు వాక్యాలు కొట్టేశావు చూడు" అన్నాడు ఆమెతో.

"ఆఁ, అయితే?"

"వాటి కింద చుక్కలు పెట్టు."

ఇన్‌స్పెక్టరుకి అర్థం కాలేదు. ప్లీడరుకీ అర్థం కాలేదు. గేటు బయట టైలరమ్మ కళ్ళు చిట్లించి చూసింది. అర్థం కావాల్సిన మనిషికి అర్థమైంది. భార్య అతన్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

"ఇప్పుడు కాస్త పక్కకి జరుగు" అన్నాడతను మెల్లగా. "ఆయన్ని తేదీ చూడనీ."

ఆమె జరగలేదు. వీపు బోర్డుకి ఇంకా గట్టిగా ఆనించి, అలాగే నిలబడిపోయింది.